వింత సంగతి దాచిపెట్టి చెప్పాలి

“బుర్ర గిర్రున తిరిగే సినిమా ఏదైనా చెప్పు గురూ” అని ఎవరన్నా అడగడం ఆలస్యం, సినిమా పిచ్చోళ్లలో చాలామంది ‘ఆన్ షియెన్ ఆందలూ’ పేరు చెప్పేస్తారు. 1929 నాటి మూకీ. అరగంట కూడా ఉండదు. దర్శకుడు బున్యుయేల్, చిత్రకారుడు డాలీ కలిసి రాశారు. తర్కానికి లొంగే దృశ్యం ఒక్కటీ ఉండకూడదని ఇద్దరూ ముందే అనుకుని మరీ రాశారు. ఊరించడానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ సినిమా మొదలైన కాసేపటికే మంగలికత్తి ఓ కంటిని అడ్డంగా కోసేస్తుంది. అది చచ్చిన దూడ కన్నేనని తర్వాత ఎంత నచ్చజెప్పినా లాభం లేదు. అడిగినవాడు మళ్లీ మనల్ని సినిమా పేరు అడిగితే ఒట్టు.

తర్కానికి లొంగని ఇలాంటి కలల ధోరణినే సర్రియలిజం అంటారు. నేనైతే దాని ఊసే ఎత్తను. ఆ మాట చెవిన పడగానే మనిషి పరీక్ష హాల్లో కూర్చున్నట్టు బిగుసుకుపోతాడు. ప్రతి సీనుకీ అర్థం వెతుకుతాడు. దొరక్కపోతే తనకు బుర్ర లేదనుకుంటాడు, లేదంటే డైరెక్టర్‌కి లేదంటాడు. అందుకే వింత సంగతి పక్కనపెట్టి, సినిమాలో ఉన్న మామూలు సంగతే చెప్తాను.

తిండిప్రియులకు, “ఆరుగురు కలిసి భోంచేద్దామనుకుంటారు, ఎంతకీ కుదరదు” అంటే చాలు. అది బున్యుయేల్ 1972లో తీసిన ‘ది డిస్క్రీట్ చార్మ్ ఆఫ్ ది బూర్జువాజీ’. ఆస్కార్ కూడా వచ్చింది. విందుకని వెళ్తే అది ఇవాళ కాదంటారు. హోటల్‌కి పోతే పక్కగదిలో యజమాని శవం. ఇంకోచోట టీ అయిపోయింది, కాఫీ అయిపోయింది, మంచినీళ్లున్నాయంటాడు సర్వర్. ఓసారి అందరూ బల్ల దగ్గర కూర్చుంటారు. వడ్డించే మనిషి చేతిలోంచి కోడి జారి నేలమీద పడుతుంది. చూస్తే అది ఉత్తుత్తి కోడి! అంతలో పక్కనున్న తెర లేస్తుంది, ఎదురుగా జనంతో నిండిన థియేటర్. ప్రాంప్టర్ డైలాగులు అందిస్తున్నా ఒకాయనకు నోట మాట రాక చెమటలు పట్టేస్తాయి. అదంతా కల. కానీ పొగమంచు వేయలేదు, కెమెరా వంకర తిప్పలేదు. కలనీ మెలకువనీ ఒకే వెలుతురులో తీశాడాయన. నాకు బున్యుయేల్ మీద గురి కుదిరింది అక్కడే.

ఫంక్షన్లలో ఇరుక్కుపోయేవాళ్లకు ఆయనదే ‘ది ఎక్స్‌టర్మినేటింగ్ ఏంజెల్’ (1962) చెప్తాను. తలుపులు తెరిచే ఉంటాయి, అతిథులు మాత్రం గది దాటి పోలేరు. ఎందుకో చెప్పడు. చెప్తే సినిమా చప్పబడిపోయేది.

విదేశీ సినిమాలంటే దూరం జరిగేవాళ్లకు మమ్ముట్టి ఉన్నాడు కదా. లిజో జోస్ పెల్లిసెరి తీసిన ‘నన్‌పకల్ నేరతు మయక్కం’లో వేళాంకణ్ణి నుంచి తిరిగొస్తున్న మలయాళీ ఒకడు, మధ్యాహ్నం బస్సులో అందరూ కునుకు తీస్తుంటే, దారిలో ఓ తమిళ పల్లెలో దిగిపోతాడు. తిన్నగా ఒకరింట్లోకి నడిచి, లుంగీ కట్టుకుని, ఎప్పుడో మాయమైపోయిన ఆ ఇంటాయనలా తమిళం మాట్లాడేస్తూ కాపురం మొదలెడతాడు. వెనక పాత తమిళ పాటలు మోగుతూనే ఉంటాయి. బస్సు ప్రయాణం సినిమా అని చెప్పి పంపిస్తాను.

చూశాక ఫోన్ చేసి “అర్థమైందా?” అని మాత్రం అడగను. ఏ సీను గుర్తుందని అడిగితే వాళ్లే గంటసేపు చెప్తారు.

డేవిడ్ లించ్ ‘ఇరేజర్‌హెడ్’ (1977) మాత్రం మనిషిని చూసి చెప్పాలి. అందులో వింతబిడ్డ రాత్రంతా ఏడుస్తుంటుంది, తల్లి విసిగి పుట్టింటికి పోతుంది, తండ్రి ఒక్కడే మిగులుతాడు. ఆ బిడ్డ బొమ్మను దేంతో చేశారో బయటపెట్టకుండానే లించ్ 2025 జనవరిలో వెళ్లిపోయాడు. పెళ్లికానివాళ్లకు ధైర్యంగా చెప్పేస్తాను. ఇంట్లో చంటిబిడ్డ ఉన్నవాళ్లు ఎంత బతిమాలినా ఓ ఏడాది ఆగమంటాను.