గాంబిల్ వృక్షగ్రంథము – రాయలసీమ పెరటితోట

కడపలోగాని నంద్యాలలోగాని ఇల్లు కట్టుకొన్నవారు పెరటిలో ఈ ప్రాంతమునకు సహజమైన చెట్లనే పెంచవలెనని తలచినచో, మొదట కలుగు సందేహము ఒక్కటే: ఈ ప్రాంతపు చెట్లు ఏవి? దీనికి సమాధానము కొరకు వృక్షశాస్త్రోపాధ్యాయులు నేటికిని తెరచు పుస్తకములలో ప్రధానమైనది ‘మద్రాసు రాజధాని వృక్షసంపద’ను వర్ణించు గాంబిల్ గ్రంథము. 1915లో ఇది వెలువడుట ప్రారంభించెను. 1925లో గాంబిల్ మరణింపగా సి.ఇ.సి. ఫిషర్ దీనిని 1936 నాటికి పూర్తిచేసెను. 1957లో భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ దీనిని మూడు సంపుటములుగా పునర్ముద్రించినది. ఇది మొక్కలను గుర్తుపట్టుటకు వ్రాసిన గ్రంథము, పెంచుటకు వ్రాసినది కాదు. అయినను పెంచదలచినవారు దీనినే ఆశ్రయించుచున్నారు. కనుక ఇది వారికి ఎంతవరకు తోడ్పడునో విచారించుట అవసరము.

జేమ్స్ సైక్స్ గాంబిల్ 1871 మొదలు 1899 వరకు అటవీశాఖలో పనిచేసి, డెహ్రాడూన్ అటవీ పాఠశాలకు అధిపతియైనవాడు. అడవులలో తిరిగిన అనుభవము పుస్తకమంతటను కనబడును. ప్రతి మొక్కకు పువ్వు, ఆకు, కాయల లక్షణములతోపాటు అది దొరకు ప్రాంతమును గూడ ఆయన చెప్పును. విస్తారముగా పెరుగు మొక్కకు దక్కను, కర్ణాటక మైదానము వంటి పెద్ద విభాగముల పేర్లు, అరుదైన దానికి జిల్లాల పేర్లు, కొండల పేర్లు ఉండును. ఎఱ్ఱచందనము లోకమంతటను పెరుగు చెట్టు కాదనియు, అది ముఖ్యముగా కడప కొండలను, వాటిని ఆనుకొనియున్న కొండలను ఆశ్రయించిన చెట్టనియు ఇట్టి గ్రంథములవలననే విద్యార్థికి నిశ్చయముగా తెలియును. అయితే వృక్షగ్రంథములలో పేరున్నంతమాత్రమున మొక్క స్వదేశీయము కాదు. అమెరికానుండి వచ్చి ఇచట పాదుకొనిన లాంటానా వంటివి కూడ వీటిలో చేరియుండును.

గ్రంథములోని మొదటి కొరత ఈ ప్రాంత నామములలోనే ఉన్నది. ‘దక్కను’ అను ఒక్క మాటలో నంద్యాల లోయలోని నల్లరేగడియు, నల్లమల రాతివాలులును రెండును ఇమిడిపోవును. జిల్లా పేర్లును మారినవి. ఆనాటి కర్నూలు జిల్లాలోని మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1970లో ఒంగోలు జిల్లాకు చేరినవి. 2022లో నంద్యాల వేరు జిల్లా అయినది. పేరు మారిననేమి, చెట్టు పత్రము చూచి పెరుగదు గదా! పాలకొండలలో, లంకమలలో రాళ్ల సందుల వేరు దింపి నిలిచిన ఎఱ్ఱచందనము, నీరు నిలుచు రేగడిలో నాటినచో వేరు కుళ్లి చనిపోవును. అపుడు యజమాని “ఇది మా జిల్లా చెట్టే గదా, ఏల చచ్చినది?” అని ఆశ్చర్యపడును. చెట్టు జిల్లాది కాదు, వాలుది.

ఈ కొరతను తీర్చుకొనుటకు యంత్రములు అవసరము లేదు. మూరెడు లోతు గుంట త్రవ్వి, నీరు నింపి, అది ఇంకిన తరువాత మరల నింపి చూడవలెను. మరునాటికిని నీరు నిలిచియున్నచో అది కొండచెట్లకు చోటు కాదు. అచట మోదుగ, నల్లతుమ్మ వంటివి నిలుచును. నీరు త్వరగా దిగిపోవు గరపనేల యైనచో తంగేడు, ఎఱ్ఱచందనము సుఖముగా పెరుగును.

రెండవ కొరత పేర్ల విషయము. గాంబిల్ తెలుగు పేర్లను కూడ సేకరించి ఇచ్చుట మెచ్చదగినది. కాని అవి ఆంగ్లలిపిలో ఉన్నవి. ద, డ లకును, ల, ళ లకును భేదము అందు చెదరిపోవుటచే విద్యార్థి వాటిని సరిగా చదువలేడు. ఇది ఉచ్చారణ దోషము మాత్రమే కాదు. తెలుగు పేర్లలో గాంబిల్ విడిచిన సమాచారము దాగియున్నది. ఏరుమద్ది వాగుల గట్లను ఆశ్రయించును. దాని దగ్గరి చుట్టమైన నల్లమద్ది కొండ అడవులలో నిలుచును. మద్ది అను పేరు విని మొదటిదానిని నీరులేని మిట్టపై నాటినచో అది కుంగిపోవును. కొండగోగు అను పేరులోనే దాని నివాసము చెప్పబడినది. పల్లెవాడు పెట్టిన పేరు నేలను చెప్పును, పండితుడు పెట్టిన పేరు కుటుంబమును చెప్పును. తోటవానికి రెండును కావలెను.

మూడవది, పెంపకమున అన్నింటికంటె ముఖ్యమైనది, కాలము. ఎండు మొక్కను కాగితమున అతికించి పరీక్షించు శాస్త్రము చెట్టుయొక్క ఒక్క క్షణమును మాత్రమే పట్టుకొనును. పెరటిలోని చెట్టు పన్నెండు నెలలు బ్రతుకును. మాఘ ఫాల్గుణములలో ఎఱ్ఱచందనము ఆకు రాల్చగా చచ్చినదనుకొని పెరికివేసినవారు కలరు. బ్రతికించుటకై దినదినము బిందెలతో నీరుపోసి వేరు కుళ్లించువారును కలరు. కొండగోగు ఆకులేని కాలముననే పచ్చని పూలు పూయును. గోటితో లేతకొమ్మ బెరడును కొంచెము గీరి చూడవలెను. లోపల ఆకుపచ్చగా ఉన్నచో చెట్టు నిద్రించుచున్నది, చనిపోలేదు.

విత్తనముల విషయమును ఇట్టిదే. వేపగింజ కొలది వారములలోనే మొలకెత్తు శక్తిని కోల్పోవును గనుక పండు రాలిన వెంటనే నాటవలెను. తంగేడుగింజ దీనికి విరుద్ధము. దాని పెంకు గట్టిది గనుక గరుకురాతిపై కొంచెము రాచి నానబెట్టిన పిమ్మట నాటవలెను. ఎఱ్ఱచందనపు కాయకు చుట్టును రెక్క ఉండును. ఆ రెక్కను కత్తిరించి, కాయను నానబెట్టి, ఆరనిచ్చి, మరల నానబెట్టినచో మొలక మెరుగుపడును. సంచిలో చిరకాలముండి నిలువెత్తు పెరిగిన మొక్కకంటె, వేరు చుట్టలు చుట్టుకొనని చిన్నమొక్క మేలు. ఎఱ్ఱచందనమును సొంత స్థలమున పెంచినను నరుకుటకు, తరలించుటకు అటవీశాఖ అనుమతి కావలెనని మరువరాదు.

స్వదేశీయమైన చెట్టునకు రోగములే రావను నమ్మకము కూడ సరికాదు. 2021లో తెలుగు రాష్ట్రములలో ఎన్నో వేపచెట్ల కొమ్మలు చివరలనుండి ఎండిపోయినవి. ఫోమాప్సిస్ అను శిలీంధ్రము దీనికి ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. వాటిలో పెక్కు చెట్లు తరువాత మరల చిగిర్చినవి. తొందరపడి నరికినవారే నష్టపోయిరి. ఇంటి పెరటిలో కనబడు చిక్కులు ఇంతకంటె చిన్నవి. లేత ఆకులు పచ్చబారి ఈనెలు మాత్రము ఆకుపచ్చగా మిగిలినచో, ఇల్లు కట్టినపుడు పూడ్చిన సున్నము, నాపరాతి ముక్కలు ఇనుమును వేరునకు అందనీయకున్నవని అనుమానింపవలెను. ముదురు ఆకులు మొదట పసుపెక్కినచో నత్రజని కొరత కావచ్చును. మధ్యాహ్నము వాడి సాయంకాలమునకు తేరుకొను మొక్కకు భయము లేదు. ఉదయమున కూడ వాడియున్న మొక్కకు నీరు పోయుటకు ముందు మట్టిని చేతితో తాకి చూడవలెను. తడిగా ఉన్నచో లోపము నీటి కొరత కాదు, వేరునకు గాలి ఆడకపోవుట. తంగేడు ఆకులను తిను గొంగళులు కొన్ని సీతాకోకచిలుకల పిల్లలు. మొక్క మరల ఆకు తొడుగును గనుక వాటిపై మందు చల్లనక్కరలేదు.

గాంబిల్ తరువాత శాస్త్రము ఆగలేదు. కొండసాంబ్రాణి వర్గములోని బాస్వెల్లియా ఓవాలిఫోలియోలేటా 1961లోగాని శాస్త్రలోకమునకు పరిచయము కాలేదు గనుక ఆయన పుట్టలలో దానిని వెదకుట వృథా. తంగేటికి ఆయన ఇచ్చిన కాసియా అను పేరు నేడు సెన్నాగా మారినది. జె.ఎల్. ఎల్లిస్ వ్రాసిన నల్లమల వృక్షగ్రంథము (1987, 1990), వెంకటరాజు, పుల్లయ్యగార్ల కర్నూలు వృక్షగ్రంథము (1995) ఈ లోటులను చాలవరకు పూరించినవి. అయితే ఇవియు ప్రధానముగా మొక్కను గుర్తించుటకు ఉద్దేశింపబడినవే.

కనుక గాంబిల్ గ్రంథమును త్రోసిపుచ్చరాదు, దానినే తోటమాలిగా నమ్మరాదు. అది ‘ఏది’ అను ప్రశ్నకు గట్టి సమాధానము, ‘ఎచట’ అను దానికి సగము సమాధానము చెప్పును. ‘ఎపుడు, ఎట్లు’ అను వాటికి మౌనము వహించును. ఆ మౌనమును పూరించు పని ఉన్నత పాఠశాలలు చేయవచ్చును. విద్యార్థులు తమ ఊరిలోని పది చెట్లను ఎన్నుకొని, తెలుగు పేరు, నేల, నీరు ఇంకు వేగము, ఆకు రాలు మాసము, పూత, విత్తనము పండు మాసము అను వరుసలతో ఒక పట్టిక వ్రాసి, సంవత్సరము పొడుగునా నింపవలెను. గాంబిల్ పుటకు ఎదురుగా అట్టి పట్టిక నిలిచిననాడు రాయలసీమ పెరటితోటకు కావలసిన గ్రంథము పూర్తియగును.