పేరు వెనక కథ

మన హోసూరులో ఎంత లేపినా లేవనివాణ్ణి తెలుగిండ్లలో కుంభకర్ణుడు అంటారు. పక్కనున్న తమిళిండ్లలోనూ అదే మాట. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్లు అని మనం అంటాం. తెల్లవార్లూ రామాయణం విని సీతకు రాముడు చిన్నాయన అన్నట్లు అని తమిళంవాళ్ళు అంటారు. భాష వేరైనా నవ్వు ఒకటే. ఎందుకంటే రెండు చోట్లా వినేవాళ్ళకు కథ ముందే తెలుసు. ఇట్లా ఒక పాత కథను మొత్తం చెప్పకుండా, ఒక పేరుతోనో ఒక వస్తువుతోనో గుర్తుచేయడాన్ని ఈ వ్యాసంలో సూచన అంటాను.

పరీక్షలో ఇలాంటివి వస్తే, ఇది ఎవరి కథ, ఎక్కడిది అని రాస్తాం. మార్కులు కూడా వస్తాయి. కానీ నా ఉద్దేశంలో అది సగం పనే. పాత కథలో ఏముంది, కొత్త దాంట్లో ఏది మారింది, ఎందుకు మార్చినారు? ఈ మూడూ అడిగితేనే సూచన అర్థమైనట్లు. ఈ ప్రశ్నలతో రెండు తమిళ సినిమాలు, ఒక తెలుగు కావ్యం, ఒక తెలుగు సినిమా చూద్దాం.

మొదటిది మణిరత్నం తీసిన దళపతి (1991). పెళ్ళికాని చిన్న వయసు తల్లి బిడ్డను గూడ్సు బండిలో వదిలేస్తుంది. బిడ్డ పేరు సూర్య. మా అవ్వ బడికి పోలేదు, అయినా టీవీలో ఈ సినిమా వస్తుంటే మొదట్లోనే "ఇది కర్ణుడి కతే గదా" అనేసింది. కుంతి బిడ్డను పెట్టెలో పెట్టి నదిలో వదిలింది, ఇక్కడ నదికి బదులు రైలు. దుర్యోధనుడి చోట దేవా అనే స్నేహితుడు, అర్జునుడి చోట అర్జున్ అనే కలెక్టరు. ఇంతవరకు అందరికీ తెలుస్తుంది. కానీ చివర చూడండి. భారతంలో కర్ణుడు చనిపోతాడు. సినిమాలో దేవా చనిపోతాడు, సూర్య బతుకుతాడు. కథ తెలిసినవాళ్ళు సూర్య చావు కోసం భయంతో ఎదురుచూస్తుంటారు. ఆ భయాన్ని దర్శకుడు మాటల్లో పెట్టలేదు, భారతమే పెట్టింది. మార్చిన ముగింపులో నాకు అర్థమైంది ఏమంటే, తల్లి వదిలేసినవాడికి ఈసారైనా బతికే హక్కు ఇవ్వాలని దర్శకుడు అనుకున్నాడని.

రెండోది మారి సెల్వరాజ్ తీసిన కర్ణన్ (2021). ఒక ఊరికి బస్సు స్టాపు లేదు. ఎంత అవసరమున్నా బస్సు ఆగదు. ఆ ఊరి జనం కులం వల్ల అణగారినవాళ్ళు. అక్కడ కర్ణుడు, దుర్యోధనుడు, ద్రౌపది అన్న పేర్లు వాళ్ళవే. వాళ్ళను కొట్టించే పోలీసు అధికారి పేరు కణ్ణబిరాన్, అంటే కృష్ణుడి పేరు. ఇక్కడ దర్శకుడు కథను కాదు, వైపులను మార్చినాడు. ఇట్లాంటి పేర్లు మీకెందుకు అన్నట్లు ఆ అధికారి కోప్పడతాడు. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా గట్టిగా తగిలింది అదే. గొప్ప కథల్లోని పేర్లు ఎవరు పెట్టుకోవచ్చు అన్నదే ఆ కోపంలోని ప్రశ్న. మహాభారతం తెలియనివాళ్ళకు అది మామూలు పోలీసు దౌర్జన్యంగా కనిపిస్తుంది. తెలిసినవాళ్ళకు ఇంకో అన్యాయం కూడా కనిపిస్తుంది.

మూడోది గుర్రం జాషువా గబ్బిలం (1941). కాళిదాసు మేఘసందేశంలో ఒక యక్షుడు పనిలో అశ్రద్ధ చేసినందుకు సంవత్సరం పాటు ఇంటికి దూరమౌతాడు. రామగిరి నుంచి అలకాపురిలో ఉన్న భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. జాషువా ఆ పద్ధతే తీసుకున్నాడు. కానీ కబురు పంపేవాడు అంటరానివాడని ఊరు దూరం పెట్టిన పేదవాడు. కబురు కాశీలో ఉన్న శివుడికి. మోసుకుపోయేది అందమైన మేఘం కాదు, మనం అపశకునం అని తరిమే గబ్బిలం. ఎందుకు గబ్బిలం? దానికి గుడి లోపలికి పోయే వీలుంది, ఆ మనిషికి లేదు. యక్షుడి శిక్షకు సంవత్సరం గడువు ఉంది, ఈ మనిషి శిక్షకు గడువే లేదు, తప్పు కూడా లేదు. ఈ తేడాలను జాషువా వరుసగా లెక్కపెట్టి చెప్పనక్కరలేదు. మేఘసందేశం తెలిసినవాళ్ళు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే చాలు. నేను చూసిన సూచనలన్నిట్లో దీన్నే నేను మొదటి స్థానంలో పెడతాను.

అన్ని సూచనలూ ఇంత బాగా పనిచేయవు. ఆర్ఆర్ఆర్ (2022) మా తరగతిలో అందరికీ ఇష్టం, నాకూ ఇష్టమే. చివర్లో రామ్ కాషాయ బట్ట కట్టి విల్లు పట్టుకుంటాడు, థియేటర్లో ఈలలు. ఆయన కోసం ఎదురుచూసే అమ్మాయి పేరు సీత. చూడటానికి గొప్పగా ఉంది, కాదనను. కానీ ఏమి మారింది అని అడిగితే జవాబు దొరకదు. పైగా ఒక నష్టం కూడా ఉంది. నిజమైన అల్లూరి సీతారామరాజు 1922 నుంచి 1924 వరకు మన్యంలో గిరిజనులతో కలిసి పోరాడినాడు. వాళ్ళ పోడు వ్యవసాయాన్ని అడ్డుకున్న అడవి చట్టాలు ఆ పోరాటానికి ఒక కారణం. రాముడి బొమ్మ తెరంతా నిండేసరికి ఆ అడవి చట్టాలూ, ఆ గిరిజనులూ వెనక్కిపోయినారు. సూచన అలంకారంగా మిగిలితే ఇట్లా అసలు విషయాన్ని కప్పేస్తుంది.

ఇంతవరకు పుస్తకాలు, సినిమాలు. ఇంట్లోనూ వీధిలోనూ వాడే సూచనల సంగతి ఇంకా ముఖ్యమైంది. గట్టిగా మాట్లాడిన ఆడపిల్లను శూర్పణఖ అంటారు. నల్లగా ఉన్న పిల్లవాణ్ణి రావణుడు అంటారు. పేరు పెట్టేస్తే ఇక వాదన అక్కరలేదు, తీర్పు అయిపోయినట్లే. మా బంధువుల్లో ఒక అక్క పన్నెండో తరగతి అయినాక కృష్ణగిరిలో కాలేజీకి పోతానంటే, ఒక పెద్దాయన "గీత దాటితే సీతకేమైందో తెలుసు కదమ్మా" అన్నాడు. ఆ మాటతో ఇంట్లో అందరూ నోరు మూసుకున్నారు. లక్ష్మణరేఖ అన్న రెండు ముక్కలకు అంత బలం ఉంది.

అందుకే కథ వివరంగా తెలుసుకోవాల. వాల్మీకి రామాయణంలో లక్ష్మణుడు గీత గీసిన సంగతి లేదు. అది తరవాత వచ్చిన కథల్లో చేరింది. ఉడుత సాయం కూడా అట్లే వాల్మీకిలో లేదు, మన తెలుగు రంగనాథ రామాయణంలో ఉంది. తరవాత చేర్చింది కాబట్టి తప్పు అని నేననను, ఉడుత కథ నాకు చాలా ఇష్టం. నేననేది ఏమంటే, కథలు చెప్పేవాళ్ళను బట్టి మారుతూ వచ్చినాయి. ఇంకో మాట. గీత ఉన్న కథలోనే చూసినా, సీత గీత దాటింది ఆకలి అన్న సన్యాసికి భిక్ష వేయడానికి. మోసం చేసింది వేషం వేసుకొచ్చినవాడు. మరి ఆ కథ నేర్పాల్సింది ఆడపిల్ల బయటికి పోకూడదనా, మోసగాళ్ళను పట్టుకోవాలనా? సూచనతో నోరు మూయించేవాళ్ళకు, కథ తెలిసినవాళ్ళే జవాబు చెప్పగలరు.

ఈ కథలు ఒక మతంవాళ్ళవి, మాకెందుకు అని కొందరు స్నేహితులు అడగవచ్చు. జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టినాడు. కాళిదాసును చదివి, ఆ కావ్య పద్ధతిని తన ప్రశ్నకు వాడుకున్నాడు. కథ తెలుసుకోవడం వేరు, పూజ చేయడం వేరు. అట్లే మనమూ వాళ్ళ కథలు తెలుసుకోవాల. చిన్నవాడు పెద్దవాణ్ణి ఓడిస్తే దావీదు, గొల్యాతు అంటారు. దానం గురించి హాతిం తాయి పేరు చెబుతారు. ఒకే బెంచీలో కూర్చునేవాళ్ళు ఒకరి కథలు ఒకరికి చెప్పుకుంటే ఏ పుస్తకం తెరిచినా ఎవరూ బయట నిలబడరు.

మా అవ్వ తరానికి ఈ కథలు నేర్పింది బడి కాదు. మన జిల్లాలో ద్రౌపదమ్మ గుడుల దగ్గర భారతం జరుగుతుంది. కథ చెబుతారు, రాత్రంతా కూత్తు ఆడతారు, అర్జునుడి తపస్సు అని నిలువెత్తు మాను ఎక్కుతారు, చివరి రోజు నేలమీద పడుకోబెట్టిన పెద్ద మట్టి దుర్యోధనుడి దగ్గర యుద్ధం ముగిస్తారు. చదువు రానివాళ్ళు కూడా అట్లా పదిరోజులకు పైగా మహాభారతం విన్నారు. మన తరం అంతసేపు కూర్చోవడం లేదు. పేర్లు మాత్రం మిగిలినాయి, కథలు జారిపోతున్నాయి. కథ జారిపోయిన పేరుతో ఎవరు ఏమి చెప్పినా నమ్మాల్సిందే.

మనకు ఒక వసతి కూడా ఉంది. తమిళనాడులో 2006 నాటి చట్టం వల్ల మనం తమిళం చదవాల, బడిలో తెలుగు చదువుతున్నాం. ఇది బరువని చాలామంది అంటారు, బరువే. కానీ ఒకే కథను రెండు భాషల్లో చదివి పోల్చుకునే అవకాశం ఎంతమందికి ఉంది? హోసూరు దగ్గర తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ రామాయణ, భారతాలను అందరికీ అర్థమయ్యే వచనంలో రాసినారు. ఆయన తమిళ రామాయణానికి 1958లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తమిళంలో ఆయన్ను చదవండి, తెలుగులో తిక్కన విరాటపర్వం కథను మాస్టర్ల దగ్గర అడిగి చెప్పించుకోండి. ఉత్తరకుమారుడి ప్రగల్భాలు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడ తెలుస్తుంది.

తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. మమ్మల్ని ఏదో ఒక పేరుతో పిలిచేముందు ఆ పేరు కథ మొత్తం చెప్పండి. స్నేహితులకూ ఒక మాట. ఎవరైనా సినిమాలో గాని, సభలో గాని, ఇంట్లో గాని పాత కథ ఎత్తితే, ఆ కథలో నిజంగా ఏమి జరిగింది, ఈయన ఏది వదిలేసినాడు అని అడగండి.