కొలతకందని తెలుపు

చేవెళ్ళ సీమలో హిమము కురియదు. అయినను, ఉత్తరాది యాత్రలకు పోయి వచ్చిన మనవారి ఛాయాచిత్రములలో మంచుకొండలు బూడిదరంగున మాసిపోవుటకు ఏది హేతువో, ఆ హేతువు చేతనే ఇచ్చటి తెల్లచామంతి మడులును చిత్రమునందు కళదప్పుచుండును గావున, ఆ పాఠము నేర్చుటకు శీతకాలపు ఉదయమున ఒక పూలతోట గట్టున నిలిచిన చాలును.

కెమెరాలోని మీటరు తెలుపు నెరుగదు, నలుపు నెరుగదు. ఎదుటి వస్తువు తనపై బడిన కాంతిలో ఇంచుమించు 18 శాతమును మాత్రమే తిప్పి పంపునని దాని లెక్క. కొత్తమంచు 80 శాతమునకు పైగా తిప్పి పంపగా, ఎండయే మిక్కుటమైనదని భ్రమించి అది వెలుగును కుదించివేయును. అందుచేత మంచులో ఒకటిన్నర మొదలు రెండు స్టాపుల (ఒక స్టాపు పెంపన వెలుగు రెండింతలగుట) దాక ఎక్స్‌పోజరును మనమే పెంచవలెను. చామంతి మడిలో ఆకుపచ్చ కలిసియుండుటచే అంత పెంపు అక్కరలేదు. ఫ్రేము నిండ పూలే యున్నచో ఒక స్టాపు పెంచి, హిస్టోగ్రామును పరికించి, రేకు పొడవునను సాగిన సన్నని గాడులును, నడిబొడ్డున లేత పసుపుచాయయు నిలిచినవో లేదో చూచుకొనవలెను. ఫిల్ము నెగటివు కొంత అతిని సహించెడిది. డిజిటల్ సెన్సరున అతివెలుగుకు కరగిన గాడి మరల రాదు.

అయితే తెలుపు కనబడిన చోటనెల్ల పెంచుకొనుచు పోవుట ప్రమాదము. 1908 నాటి మూసీ వరద పిమ్మట కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయముల నడుమనున్నది మొయినాబాద్. ఆ నీటి అంచున, నీడకు నల్లబారిన మడుగు నడుమ ఎండలో నిలిచిన తెల్లకొంగను తీయబోయినప్పుడు, ఫ్రేములో అధికభాగము చీకటియే యగుటచే మీటరు తనంత తానే వెలుగును హెచ్చించును. ఈకల పొరలు, మెడవంపు నీడ సమస్తమును కరగి, పక్షి సున్నపుముద్దవలె తేలును. ఇచట తగ్గింపవలెను. అదే కొంగ లేచి తెల్లని ఆకాశమున కెగిరినచో మరల పెంపవలెను. పక్షి తెలుపు మారలేదు, దానిపై బడు ఎండయు మారలేదు. మారినది వెనుకతట్టు మాత్రమే.

కనుకనే తిరిగివచ్చు కాంతిని గాక, పడుచున్న కాంతిని కొలుచుట మేలని నా దృఢాభిప్రాయము. ఇన్సిడెంట్ మీటరు లేనివారు అదే ఎండలో అరచేతిని చాచి, దానినుండి కొలత తీసి, ఒక స్టాపు పెంచి, మాన్యువల్‌లో స్థిరపరచుకొనవచ్చును. మేనిచాయ యేదైనను అరచేయి మీటరు లెక్కకన్న సుమారొక స్టాపు ప్రకాశవంతము. ఎండ మారనంతవరకు కొంగ ఎచటికెగిరినను ఆ కొలత చెల్లును.

పెండ్లిపందిరి క్రింద తెల్లని మధుపర్కములు ధరించి కూర్చున్న వధూవరులను తీయు యువకులకును నేను చెప్పున దిదియే: ముహూర్తమునకు ముందే వేదిక నెక్కి, దంపతులు కూర్చుండు చోటనే చేయి చాచి కొలత తీసికొనుడు, దీపములు మార్చినచో మరల తీయుడు. అప్పుడు ముఖములును సరిపడును, మధుపర్కపు నేతపోగులును కనబడును.