గిద్యోను మాటతీరు: భయపడినవారు, విమర్శకులు (న్యాయాధిపతులు 7–8)

గిద్యోనును గూర్చి మన సంఘములలో వినబడు ప్రసంగములు ఎక్కువగా కుండలు పగిలి, బూరలు మ్రోగి, మిద్యానీయులు పారిపోవుటతో ముగియుచున్నవి. ఎనిమిదవ అధ్యాయమును విడిచిపెట్టుటవలన నాయకుని మాటను గూర్చి గ్రంథకర్త మన ముందుంచిన ప్రశ్న వినబడకపోవుచున్నది. ఈ రెండు అధ్యాయములను కలిపి చదివినయెడల, ఒకే నాయకుడు భయమునకును విమర్శకును వేర్వేరు విధములుగా జవాబిచ్చుట చూడగలము. ఆ తేడాయే మా పరిశీలనాంశము.

1. హరోదు యొద్ద (7:1-8)

హెబ్రీ భాషలో హరోదు అను పేరును, వణకువానిని సూచించు 'హారేద్' అను మాటయు ఒకే ధాతువునకు చెందినవి. అక్కడనుండి 32,000 మందిలో 22,000 మంది తిరిగి వెళ్లిరి. వారిని నిందించు ప్రసంగములు అనేకమున్నవి గాని వాక్యభాగములో నింద లేదు. భయపడువాడు ఇంటికి వెళ్లవచ్చునని ద్వితీయోపదేశకాండము 20:8 అనుమతించుచున్నది. గిద్యోను దానినే బహిరంగముగా ప్రకటించెను. సంఖ్య తగ్గించుటకు దేవుడు చెప్పిన కారణము ఇశ్రాయేలీయులు అతిశయపడకుండుటయే.

నీళ్ల పరీక్షలో నిలిచిన 300 మంది మెలకువగలవారని మనము బోధించుచున్నాము. అయితే మొదటి శతాబ్దపు యూదా చరిత్రకారుడైన జోసీఫస్, చేతితో తొందరగా త్రాగినవారే భయస్థులనియు, దేవుడు వారినే ఎన్నుకొనెననియు వ్రాసెను. వాక్యభాగము ఈ రెంటిలో దేనిని స్పష్టముగా చెప్పదు. నఫ్తాలి, ఆషేరు, మనష్షే గోత్రములవారు తరుమువారిలో మరల కనబడుట మాత్రము గమనింపదగినది (7:23). మొదట పిలువబడిన గోత్రములలో ఇవియు ఉన్నవి (6:35). అవమానము లేకుండ పంపబడినవారు తిరిగి పిలువబడుటకు త్రోవ మిగిలియుండును.

2. ఎఫ్రాయిమీయులు (8:1-3)

తమ్మును యుద్ధమునకు పిలువలేదని ఎఫ్రాయిమీయులు గట్టిగా కలహించిరి. మొదటి పిలుపులో వారి పేరు లేదు గనుక వారి ఫిర్యాదులో కొంత నిజమున్నది. గిద్యోను తన్ను సమర్థించుకొనలేదు. ఓరేబు, జెయేబులను పట్టుకొనినది వారేనని చెప్పి, తన కోతకంటె వారి పరిగెయే గొప్పదని పోల్చెను. వారి కోపము తగ్గెను. ఇదే గోత్రము యెఫ్తాతో కలహించినప్పుడు 42,000 మంది చనిపోయిరి (12:1-6). మృదువైన మాట ఎంతమంది ప్రాణములను కాపాడగలదో ఈ రెండు సంఘటనలు ప్రక్కప్రక్కన పెట్టినప్పుడు తెలియుచున్నది.

3. సుక్కోతు, పెనూయేలు (8:4-17)

అయితే వెంటనే దృశ్యము మారుచున్నది. అలసిన 300 మందికి రొట్టెలడిగినప్పుడు సుక్కోతువారు నిరాకరించిరి. జెబహు, సల్మున్నా ఇంకను పట్టుబడలేదు. వారియొద్ద 15,000 మంది మిగిలియుండిరి. కావున ఈ నిరాకరణ వెనుక ప్రతీకారభయము ఉండవచ్చునని మా అభిప్రాయము. సహోదరులకు రొట్టె నిరాకరించుట తప్పేనని, శిక్ష న్యాయమేనని కొందరు వాదింతురు. తప్పును మేమును కాదనము. కాని గిద్యోను సుక్కోతు పెద్దలను ముండ్లతో శిక్షించి, పెనూయేలు గోపురమును పడగొట్టి ఆ ఊరివారిని చంపుటకు దేవుడు ఆజ్ఞాపించినట్లు ఎక్కడను వ్రాయబడలేదు.

గానుగచాటున గోధుమలు దుళ్లగొట్టినవాడు, బయలు బలిపీఠమును భయపడి రాత్రివేళ పడగొట్టినవాడు ఈ గిద్యోనే. అతడు భయపడినయెడల పూరాతో కూడ దండులోనికి దిగి వినుమని దేవుడు అతని భయమునకు చోటిచ్చెను (7:10-11). తాను పొందిన ఆ ఓర్పును అతడు సుక్కోతునకు ఇవ్వలేదు. తరువాత అతని కుమారుడైన యెతెరు భయపడి కత్తి దూయలేకపోయెను (8:20). హరోదులో భయస్థులకు వెళ్లుటకు సెలవిచ్చినవాడే తన చిన్నవానికి చంపుమని ఆజ్ఞాపించెను.

ముగింపు

ఎఫ్రాయిము బలమైన గోత్రము. సుక్కోతు చిన్న పట్టణము. కావున 8:1-3ను మాత్రమే తీసికొని గిద్యోనును మృదుభాషణకు మాదిరిగా చూపుట అసంపూర్ణమని మేము తలంచుచున్నాము. బలవంతునితో మెత్తగా మాటలాడుట సాత్వికము కావచ్చును, యుక్తియు కావచ్చును. ఏదియో తేల్చునది బలహీనుడైన విమర్శకునితో మనము మాటలాడు తీరే. సంఘపెద్ద ప్రశ్నించినప్పుడు ఓపికతో జవాబిచ్చు కాపరి, అదే ప్రశ్నను ఒక విధవరాలు గాని యౌవనుడు గాని అడిగినప్పుడు ఎట్లు జవాబిచ్చుచున్నాడు? ఎనిమిదవ అధ్యాయము మన ప్రసంగవేదికలపైకి రావలసినది ఈ ప్రశ్న కొరకే.