కరిగేదే మేలు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గ్లాడిస్ డీకన్ అందం గురించి యూరప్ అంతా చెప్పుకునేది. ఆమెకు మాత్రం తన ముక్కు నచ్చలేదు. గ్రీకు శిల్పాల్లోలా నుదుటి నుంచి తిన్నగా దిగాలని ముక్కు మొదట్లో పారఫిన్ మైనం ఎక్కించుకుంది. మైనం ఊరుకుంటుందా? కిందికి జారి ముఖం తీరునే చెడగొట్టింది. 1921లో ఆమె మార్ల్‌బరో డచెస్ అయింది గానీ, పోయిన ముఖం తిరిగి రాలేదు.

వియన్నా సర్జన్ రాబర్ట్ గెర్సూనీ 1899లో మొదలుపెట్టిన పద్ధతి అది. గడ్డకట్టిన మైనాన్ని తీయాలంటే కత్తి పెట్టాల్సిందే.

ఆ తర్వాత వచ్చిన ఫిల్లర్లలో, అంటే చర్మం కింద ఎక్కించి నింపే పదార్థాల్లో, ఆవు చర్మం నుంచి తీసిన కొలాజెన్‌కు 1981లో అమెరికా అనుమతి దొరికింది. దానికి ముందుగా చేతిమీద అలర్జీ పరీక్ష తప్పనిసరిగా ఉండేది. ఇప్పుడు ఎక్కువగా వాడేది హయలురోనిక్ యాసిడ్ జెల్. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిగుజ్జులోంచి వేరుచేసిన ఈ పదార్థం మన చర్మంలోనూ కీళ్లలోనూ ఉండేదే. ఉన్నదున్నట్టు ఎక్కిస్తే శరీరం త్వరగా అరగించేసుకుంటుంది. అందుకే దాని గొలుసులను రసాయనంతో ముడివేసి, నెలల తరబడి నిలిచేలా చేస్తారు. దాని అసలు గొప్ప మాత్రం నిలవడంలో లేదు. నచ్చకపోతే హయలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఎక్కించి కరిగించేయొచ్చు. మైనం కాలంలో ఆ వెసులుబాటు ఎక్కడిది?

సిరంజిలో ఉండేది సాధారణంగా 1 మిల్లీలీటరు. చేయి తిరిగిన డాక్టర్లు దాన్ని పట్టకముందే మనిషిని కూర్చోబెట్టి, నవ్వించి, మాట్లాడించి చూస్తారు. పడుకుంటే బుగ్గలు వెనక్కి వాలి గీతలు దాక్కుంటాయి మరి. ముక్కు పక్కన గీత లోతుగా ఉందని వచ్చినవాళ్లకు ఒక్కోసారి నింపాల్సింది గీతలో కాదు, బుగ్గ ఎముక మీద. అక్కడ కాస్త ఎత్తు వస్తే కింద గీత తనంతట తానే తేలిపోతుంది. ఈ చూపు లేని చేతికి ఎంత ఖరీదైన జెల్ ఇచ్చినా మిగిలేది ఉబ్బిన ముఖమే.

ముక్కు, కనుబొమల మధ్య భాగం మరీ ప్రమాదకరం. జెల్ రక్తనాళంలోకి పోతే అక్కడి చర్మం చచ్చుబడొచ్చు. ముఖంలోని నాళాలకు కంటి నాళాలతో కలయిక ఉంది కాబట్టి, జెల్ అటు నెట్టుకుపోయి చూపు పోయినవాళ్లూ ఉన్నారు. వెంటనే హయలురోనిడేజ్ వేస్తే చర్మం దక్కొచ్చు, పోయిన చూపు తిరిగి రావడం మాత్రం అరుదు. అందుకే కొద్దికొద్దిగా, నిదానంగా ఎక్కిస్తూ చర్మం తెల్లబడుతోందేమో చూస్తుండాలి. ఇంత ఉండగా, సూది లేకుండా ఒత్తిడితో ఫిల్లర్ ఎక్కించే పెన్నులు కొని పెదాలకు పెట్టుకునేవాళ్లున్నారు! వాటిని వాడొద్దని 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించాల్సి వచ్చింది.

క్లినిక్‌కు వెళ్లేవాళ్లు రేటెంత, ఎన్నాళ్లుంటుంది అని అడుగుతారు. కరిగించే మందు దగ్గర పెట్టుకున్నారా అని కూడా అడగొచ్చు. మంచి డాక్టరైతే ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.