అక్కరలేని జాబులు: పోస్టెల్ పత్రముపై ఒక పరిశీలన

వీధి తలుపు మూసినంత మాత్రమున ఇంటిలో సద్దు అణగదు. ఇంటర్నెట్టుతో సంబంధము లేని కంప్యూటరు నెట్‌వర్కుల సంగతియు ఇంతే. బయటి ప్రకటనలు లోపలికి రాకపోవచ్చును. కాని లోపలి మనుష్యులో, చెడిపోయిన యంత్రములో అక్కరలేని జాబులతో తోటివారిని ముంచివేయవచ్చును.

ఈ చిక్కును మొదటనే గుర్తించినవారిలో జాన్ పోస్టెల్ ఒకరు. నాటికి నేటి ఇంటర్నెట్టు ఏర్పడలేదు. అమెరికా రక్షణశాఖ అధీనములోని ఆర్పానెట్ కొన్ని పరిశోధనశాలలను, విశ్వవిద్యాలయములను, ప్రభుత్వ సంస్థలను మాత్రమే కలుపుచుండెను. 1975 నవంబరులో ఆయన వ్రాసిన 706వ ఆర్.ఎఫ్.సి. పత్రము ఒక్క పుటకు మించదు. కావలసిన ఒక్క జాబు కొరకు కంప్యూటరు తనకు వచ్చిన జాబులన్నిటిని చదువక తప్పదనియు, వద్దనుటకు దానికి మార్గమే లేదనియు ఆయన చూపినారు. ఒక్కొక్క కంప్యూటరునుండి నియమితకాలములో ఎన్ని పనికిరాని జాబులు వచ్చుచున్నవో లెక్కించి, హద్దు మీరినచో "వానినుండి జాబులు వద్దు" అని నెట్‌వర్కునకు తెలుపవలెనని సూచించినారు. జాబును పంపినవాని గుమ్మమువద్దనే ఆపు ఉపాయమును కూడ చెప్పినారు.

నిర్ణయాధికారమును జాబు అందుకొనువానికి ఇచ్చుట ఈ పత్రములోని గొప్పతనము. చెడిపోయి ఒకే సందేశమును ఎడతెగక పంపు యంత్రమునకు ఇది తగిన మందు. కాని మనిషి చేయు ఆగడమునకు ఇది చాలదు. 1978 మే నెలలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ ఉద్యోగి ఒకరు తమ కంప్యూటర్ల ప్రదర్శనలను గురించి ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకే ప్రకటన పంపినారు. ఒక్కొక్కరికి చేరినది ఒక్క జాబే. లెక్క హద్దు దాటదు. పోనీ, ఆ కంప్యూటరునే నిషేధింతమన్నచో దానిపై పనిచేయు నిర్దోషుల జాబులు కూడ ఆగిపోవును. కొక్కిరాయిని పట్టబోయి కొలను ఎండగట్టినట్లగును.

నాడు అడ్డుపడినది యంత్రము కాదు, నియమము. ఆ నెట్‌వర్కు ప్రభుత్వపు పనులకే ఉద్దేశింపబడినది, పంపినవారెవరో తెలియును, అధికారులు మందలించినారు.

మూసిన నెట్‌వర్కునకు గల బలమిదియే: అందులో ప్రతివాడును ఎరిగినవాడే. కావున యంత్రమునకు లెక్క, మనిషికి బాధ్యత, ఈ రెండును కావలెను. పోస్టెల్ మొదటిదానిని చక్కగా చెప్పినారు. రెండవది ఆ పుటలో లేదు. ప్రయోగశాలలోగాని, విద్యుత్కేంద్రములోగాని వేరుపరచిన నెట్‌వర్కును నడుపువారు ఆ పత్రమును చదువవలెను. చదివి, ఆ కొరతను తామే పూరించుకొనవలెను.