తాలును కూడా నాటి చూసిన పనితనం

2008లో ‘సెల్ డెత్ అండ్ డిఫరెన్సియేషన్’ పత్రికలో రోమ్ నుంచి ఒక పరిశోధన పత్రం వచ్చింది. ఇటలీ జాతీయ ఆరోగ్య సంస్థ ఇస్టిటూటో సుపీరియోరే డి సానిటాకు చెందిన అడ్రియానా ఎరామో, రుగ్గేరో డి మారియా బృందం ఊపిరితిత్తుల కణితి నుంచి క్యాన్సర్ మూలకణాలను వేరుచేసి, పెంచి చూపింది. ఫలితం మీద తర్వాత వాదాలు నడిచాయి. ఆ పనితనం మాత్రం ఇవాళ్టికీ దగ్గరగా చూసి నేర్చుకోదగ్గది.

కణితిలో కణాలన్నీ ఒక్క తీరువి కావు, కొద్దిపాటి కణాలే దాన్ని పుట్టించి పోషిస్తాయన్నది మూల భావన. 1994లో టొరంటోలో జాన్ డిక్ బృందం రక్త క్యాన్సర్‌లో ఇందుకు ఆధారం చూపింది. అయితే రక్తంలో కణాలు విడివిడిగానే దొరుకుతాయి. ఊపిరితిత్తి కణితి గట్టి ముద్ద. విడదీయడంతోనే అసలు పని మొదలవుతుంది.

ఆపరేషన్ థియేటర్‌లో తీసిన ముక్క యాంటీబయాటిక్స్ కలిపిన చల్లటి ద్రావణంలో గంటల్లోనే ల్యాబ్‌కు చేరాలి. ఊపిరితిత్తి బయటి గాలి ఆడే అవయవం కాబట్టి బ్యాక్టీరియా, బూజు వెంట వచ్చే ప్రమాదం ఎక్కువ. ముక్కను స్కాల్పెల్‌తో సన్నగా తరిగి, కణాల మధ్య అల్లుకున్న కొలాజెన్‌ను కరిగించే కొలాజినేజ్ ఎంజైమ్‌లో 37 డిగ్రీల వేడిలో ఉంచుతారు. ఇక్కడ కావలసింది అనుభవం. తొందరపడి తీస్తే ముద్దలు ముద్దలుగానే మిగులుతాయి. ఆలస్యం చేస్తే కణాల పైపొర దెబ్బతిని, ఏ గుర్తు చూసి ఏరాలో ఆ గుర్తే ఊడిపోవచ్చు. పైగా చచ్చిన కణాల నుంచి కారిన డీఎన్ఏ జిగురులా పట్టి బతికున్నవాటినీ ఉండ కట్టిస్తుంది. దానికి విరుగుడు డీఎన్ఏజ్ ఎంజైమ్. తర్వాత సన్నటి నైలాన్ జల్లెడలో వడగట్టి, ట్రిపాన్ బ్లూ రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. నీలం ఎక్కినవి చచ్చినవి, తేటగా మెరిసేవి బతికినవి.

ఇక పెంపకం. మామూలుగా ల్యాబ్‌లో కణాలకు దూడపిండం రక్తం నుంచి తీసిన సీరం పోస్తారు, అవి ప్లాస్టిక్ అడుగుకు అతుక్కుని పెరుగుతాయి. మూలకణాలకు ఈ ఆదరణే చేటు. సీరం తగిలితే అవి పరిణతి చెంది మామూలు కణాలైపోతాయి. కణితి వెంట వచ్చిన ఫైబ్రోబ్లాస్ట్‌లనే బంధన కణజాల కణాలు గిన్నెంతా ఆక్రమిస్తాయి. అందుకే రోమ్ బృందం సీరం మానేసి, ఈజీఎఫ్, బేసిక్ ఎఫ్‌జీఎఫ్ అనే రెండు వృద్ధి కారకాలు కలిపిన ద్రవంలో కణాలను వదిలింది. 1992లో కాల్గరీలో బ్రెంట్ రేనాల్డ్స్, శామ్యూల్ వైస్ నాడీ మూలకణాల కోసం వేసిన బాట ఇది. ఇలా పెంచేటప్పుడు తక్కిన కణాలు క్రమంగా రాలిపోతాయి. ఫ్లాస్క్‌లో చెత్త తప్ప మరేమీ కనిపించని వారాలుంటాయి. ఓపిక పడితే ద్రవంలో తేలుతూ చిన్న చిన్న గోళాలు కనిపిస్తాయి.

గోళం కనపడగానే సంబరపడటానికి లేదు. పక్కపక్కనున్న కణాలు అతుక్కుని ఉండ కట్టినా అలాగే ఉంటుంది. ఒక గుంటలో ఒకే కణం వేసి, దాని నుంచే గోళం వచ్చిందని రుజువు చేసుకోవాలి. మరీ పెద్దదైతే నడిమి కణాలు ఆక్సిజన్ అందక చస్తాయి, ఆలోపే విడదీయాలి. విడదీసిన ప్రతిసారీ మళ్లీ గోళం కట్టగలగడమే మూలకణమనడానికి ఆనవాలు.

రోమ్ బృందం ఎంచుకున్న గుర్తు కణం పైపొరలోని సీడీ133 అనే ప్రోటీన్. అది ఉన్న కణాలు కణితిలో బహు అరుదు. వాటిలో 10,000 కణాలను రోగనిరోధక శక్తి లోపించిన ఎలుకల్లోకి ఎక్కిస్తే, రోగిలో ఉన్న కణితినే పోలిన కణితి పెరిగింది. కానీ గట్టి గింజలు మొలిచాయంటే చాలదు, తాలును కూడా అదే మడిలో చల్లి మొలవలేదని చూపాలి. ఆ గుర్తు లేని కణాలనూ ఎక్కించి చూశారు, కణితి కట్టలేదు. అంతకన్నా నిఖార్సైన పరీక్ష మరొకటి చేశారు. సీడీ133 ఉన్న కణాలనే పరిణతి చెందనిచ్చారు. గుర్తు పోయింది, దానితోపాటే కణితి కట్టే శక్తీ పోయింది.

2009లో ఏ549, హెచ్446 అనే ఊపిరితిత్తి క్యాన్సర్ కణాల్లో సీడీ133 లేనివీ కణితి కడతాయని మరో బృందం తేల్చింది. అంతకుముందే 2008లో మిచిగన్‌లో షాన్ మారిసన్ బృందం, మరింత అనువైన ఎలుకల్లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాల్లో దాదాపు నాలుగో వంతు కణితి కట్టగలవని చూపింది. మడి మారితే తాలనుకున్నదీ మొలుస్తుందన్నమాట. దాంతో సీడీ133 ఒక్కదాన్నే నమ్ముకోవడం కుదరదని తేలింది. అయితే ఆ సందేహం లేవనెత్తినవాళ్లు వాడింది కూడా ఏరడం, పక్కన పెట్టినదాన్నీ పరీక్షించడం అనే ఈ పద్ధతినే. తన తీర్పు తప్పయితే తేల్చి చెప్పే పరీక్షను తన పనిలోనే ఇమిడ్చిపెట్టడం ఈ విద్యలో నేర్పరితనానికి కొలత. రోమ్ బృందం పని ఆ కొలతకు నిలుస్తుంది.